ఇద్దరే ఉన్నా బ్రిడ్జ్ పాటను సాధన చేయడం ఎలా

నల్గొండలో బ్రిడ్జ్ (ఇద్దరిద్దరు జంటలుగా ఆడే పత్తాలాట) ఆడటానికి నలుగురిని ఒకచోట కూర్చోబెట్టడం కంటే ఎండాకాలంలో బత్తాయి తోటకు నీళ్లు తేవడం సులువు. పత్తాలాట అంటే, అదీ రమ్మీ అయితే, పిలవకుండానే పది మంది వస్తారు. బ్రిడ్జ్ అనగానే ‘అది క్లబ్బుల్లో ఆఫీసర్లు ఆడేది కదా’ అని చాయ్ తాగి లేచిపోతారు. నాకు చివరికి దొరికింది మా బామ్మర్ది ఒక్కడే. వాడుండేది పాలమూరులో. హైదరాబాద్‌లో పోటీలకు వెళ్లాలంటే ఇద్దరికీ దాదాపు 100 కిలోమీటర్ల ప్రయాణం.

ఒక మంచి విషయం ఏంటంటే, ఈ ఆటలో సగభాగాన్ని ఇద్దరే కూర్చుని నేర్చుకోవచ్చు. ముక్కలు కింద పడకముందు జరిగే బిడ్డింగ్ అదే. మేము దాన్ని పాట అనే అంటాం. వినాయక చవితి లడ్డూ వేలంపాట చూసినవాళ్లకు దీని పద్ధతి కొత్త కాదు. ఒకరి మీద ఒకరు పెంచుకుంటూ పోవాలి, పెంచాక వెనక్కి తగ్గడం కుదరదు, చివర పాడినవాడు మాట నిలబెట్టుకోవాలి. కానీ లడ్డూ పాటలో మన జేబులో ఎంతుందో ఎవరికీ తెలియనివ్వం. బ్రిడ్జ్‌లో ప్రతి పాటా మన జేబులో ఏముందో ఎదురుగా కూర్చున్న పార్ట్‌నర్‌కు చెప్పడానికే.

ఆట నియమాలు తెలిసి, పాట దగ్గర తడబడే జంటల కోసం ఇది రాస్తున్నాను. లెక్కలు ఒకసారి గుర్తు చేసుకుందాం. ఆసు 4, రాజు 3, రాణి 2, జాకీ 1. (మా నాయన ఆసును ఎక్క అనేవారు, జాకీని గులాం అనేవారు. మీ ఇంట్లో ఎలా అంటే అలాగే అనుకోండి.) కట్ట మొత్తానికి 40 పాయింట్లు. పాడిన అంకెకు 6 కలిపితే గెలవాల్సిన ట్రిక్కులు (నలుగురూ తలో ముక్క వేసే ఒక్కో చుట్టు) వస్తాయి. రంగుల హోదా కింది నుంచి కళావర్, డైమన్, ఆఠీన్, ఇస్పేట్, అన్నిటి మీద నో ట్రంప్, అంటే తురుపు లేని ఆట. ఇద్దరి దగ్గర కలిపి 25 ఉంటే 3 నో ట్రంప్, 4 ఆఠీన్, 4 ఇస్పేట్ లాంటి గేమ్‌కు (గెలిస్తే పెద్ద బోనస్ వచ్చే పాటకు) వెళ్లొచ్చు. 5 కళావర్‌కు, 5 డైమన్‌కు 28, 29 కావాలి. చిన్న స్లామ్‌కు (12 ట్రిక్కులు) 33, పెద్ద స్లామ్‌కు (మొత్తం 13) 37.

ముందు ఒక కాగితం

ముక్కలు పంచకముందే ఇద్దరూ కూర్చుని ఒప్పందం రాసుకోండి. తెలిసిన పద్ధతులన్నీ రాయకండి, ఒక్క పేజీ చాలు. మా పేజీలో ఉన్నది ఇది: 12 పాయింట్ల నుంచి పాట మొదలుపెట్టొచ్చు. 1 ఆఠీన్, 1 ఇస్పేట్ అంటే ఆ రంగులో కనీసం 5 ముక్కలు. అవి లేకపోతే కళావర్, డైమన్‌లలో పొడవైనది. 1 నో ట్రంప్ అంటే 15 నుంచి 17 పాయింట్లు, చేయి సమంగా ఉండాలి (4-3-3-3, 4-4-3-2, 5-3-3-2). 2 నో ట్రంప్ అంటే 20, 21. 22 నుంచి పైన ఎంత బలమైన చేయి అయినా 2 కళావర్. 2 డైమన్, 2 ఆఠీన్, 2 ఇస్పేట్ అంటే 6 ముక్కలున్న బలహీనమైన చేయి, 5 నుంచి 10 పాయింట్లు.

1 నో ట్రంప్‌కు జవాబులు కూడా రాసుకోవాలి. 2 కళావర్ అంటే ‘నీ దగ్గర నాలుగు ఆఠీన్లు కానీ నాలుగు ఇస్పేట్లు కానీ ఉన్నాయా’ అని అడగడం. దీన్ని స్టేమన్ అంటారు. 2 డైమన్ అంటే ‘నా దగ్గర ఐదు ఆఠీన్లున్నాయి, నువ్వు 2 ఆఠీన్ పాడు’. 2 ఆఠీన్ అంటే అలాగే ఇస్పేట్ పాడమనడం. ఇవి ట్రాన్స్‌ఫర్లు.

ఇంతే. ఇది ఇద్దరికీ చేతికి వచ్చేదాకా కొత్త కన్వెన్షన్ (స్టేమన్ లాగా ప్రత్యేక అర్థం పెట్టుకున్న పాట) ఏదీ పెట్టకండి. యూట్యూబ్‌లో ఏది చూస్తే అది ఆ రాత్రికే పేజీలో చేర్చేవాణ్ని నేను. పొద్దున్నే బామ్మర్ది ఫోన్ చేసి ‘బావా, ఇది ఎప్పుడు ఒప్పుకున్నాం?’ అనేవాడు.

కట్టను ఎలా పంచాలి

మామూలుగా కలిపి పంచితే ఇద్దరి చేతుల్లో కలిపి సగటున 20 పాయింట్లే పడతాయి. గంటసేపు కూర్చుంటే గేమ్ పాడే చేతులు ఒకటో రెండో వస్తాయి, స్లామ్ అయితే వారమైనా రాకపోవచ్చు. అందుకే కట్టను రెండుగా విడదీయండి. ఆసులు, రాజులు, రాణులు, జాకీలు కలిపి 16 ముక్కలు ఒక కుప్ప. 2 నుంచి 10 వరకు ఉన్న 36 ముక్కలు ఇంకో కుప్ప. రెండిటినీ విడివిడిగా కలపండి.

ఇప్పుడు పెద్ద ముక్కల కుప్పలోంచి చూడకుండా 10, చిన్న ముక్కల్లోంచి చూడకుండా 16 తీయండి. మొత్తం 26. వాటిని కలిపి చెరి 13 పంచుకోండి. పెద్ద ముక్కకు సగటు 2.5 పాయింట్లు కాబట్టి 10 ముక్కలకు 25 వస్తాయి, సరిగ్గా గేమ్ గుమ్మం మీద. ఒక్కోసారి 20కి దిగుతుంది, ఒక్కోసారి 30 అవుతుంది, అది మనకు మంచిదే. స్లామ్ సాధనకు 13 పెద్దవి, 13 చిన్నవి. చిన్న కాంట్రాక్టు (చివరికి నిలిచిన పాట) దగ్గర ఆగడం నేర్చుకోవడానికి 8 పెద్దవి, 18 చిన్నవి.

ఇందులో ఒక మోసం ఉంది. ఈరోజు స్లామ్ చేతులు అని తెలిస్తే, చేతిలో ఏమున్నా స్లామ్ దాకా పాడేస్తాం. కాబట్టి 8 తీయాలా, 10 తీయాలా, 13 తీయాలా అన్నది మీరు నిర్ణయించకండి. ఇంట్లో పిల్లలకు చెప్పండి, వాళ్లు ఎంచి మీకు చెప్పకుండా పంచుతారు. మా చిన్నమ్మాయి వరుసగా నాలుగుసార్లు 8 పెట్టింది. నాలుగుసార్లూ మేము గేమ్ పాడాం. తనకు ఆ వారమంతా అదే నవ్వు.

ముక్కలు పట్టుకుంటే ఇంట్లో పెద్దవాళ్లకు సహజంగానే అనుమానం. అందుకే పైసలు మాత్రం పెట్టొద్దు. 1967లో సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యం ఆట అన్నప్పుడు, అదృష్టం పాలు విషయంలో బ్రిడ్జ్‌తోనే పోల్చింది. కానీ 2017లో తెలంగాణ చట్టం మార్చాక పైసలు పెట్టి ఆడే రమ్మీకి కూడా ఇక్కడ ఆ రక్షణ లేదు. మా అత్తగారికి కోర్టు మాట ఎక్కలేదు కానీ, 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్ ఈ ఆటలో జంటగా స్వర్ణం తెచ్చారని, అప్పటికి వాళ్ల వయసు 60, 56 అని చెప్పాక కాస్త మెత్తబడ్డారు.

నోటితో పాడకండి

పాటను కాగితం మీద రాయండి. ఒక తెల్లకాగితం మధ్యలో పెట్టుకుని, ఒకరి తర్వాత ఒకరు ‘1 ఇస్పేట్’, ‘2 డైమన్’ అని రాస్తూ జరపండి. నోటితో అంటే గొంతు కూడా సమాచారం ఇచ్చేస్తుంది. మా బామ్మర్ది ‘పాస్’ అనే మాటను రెండు రకాలుగా అంటాడు. ఒకటి గట్టిగా, చెయ్యి ఊపుతూ. ఇంకోటి నిట్టూర్పుతో, అంటే ‘ఇంకొక్క పాయింట్ ఉంటే పాడేవాణ్ని’ అని. నిట్టూర్పు విని నేను పాడితే అది ఆట కాదు, పోటీలో అయితే తీర్పు చెప్పే డైరెక్టర్‌ను పిలుస్తారు. అక్కడ బిడ్డింగ్ బాక్సులు (నోటితో అనకుండా తీసి చూపించే పాటల కార్డుల పెట్టెలు) పెట్టేది ఇందుకే.

అసలు పని: చీటీ

ఈ అలవాటు మాకు ఒక దెబ్బ తిన్నాక వచ్చింది. హైదరాబాద్‌లో మేము ఆడిన మొదటి జంటల పోటీ. నా చేయి ఇది:

ఇస్పేట్: ఆసు, జాకీ, 9, 6, 4
ఆఠీన్: రాజు, రాణి
డైమన్: 7, 3
కళావర్: రాజు, 8, 5, 2

13 పాయింట్లు. 1 ఇస్పేట్ పాడాను. వాడు 2 డైమన్. నాకు పెద్దగా చెప్పేదేం లేదు, 2 ఇస్పేట్ అన్నాను. వాడు 3 ఇస్పేట్. నేను పాస్. వాడు ముక్కలు పరిచాడు:

ఇస్పేట్: రాజు, రాణి, 3
ఆఠీన్: ఆసు, 8, 4
డైమన్: ఆసు, జాకీ, 10, 9, 5
కళావర్: 7, 6

14 పాయింట్లు. ఇద్దరికీ కలిపి 27. ఇస్పేట్‌లో ఐదు, ఆఠీన్‌లో మూడు, డైమన్ ఆసు కలిపి తొమ్మిది ట్రిక్కులు చేతిలోనే ఉన్నాయి, పదోదానికి దారులు బోలెడు. గేమ్ పాడని జంటలు ఆ హాల్లో ఎన్నో లెక్కపెట్టే ధైర్యం నాకు లేకపోయింది. తిరుగు బస్సులో ఎల్బీనగర్ నుంచి చౌటుప్పల్ దాకా ఫోన్‌లో తిట్టుకున్నాం. ‘నీకు 10, 11 ఉన్నాయనుకున్నా, వీలైతే పెంచమని అడిగావనుకున్నా’ అన్నాను. ‘2 డైమన్ పాడినప్పుడే గేమ్ దాకా పోదామని చెప్పేశాను కదా బావా, ఇంక పాస్ ఎలా అంటావు’ అన్నాడు వాడు.

ఇద్దరి మాటా తప్పు కాదు. వాడు చదివిన పుస్తకంలో వాడి మాట ఉంది, నేను చూసిన వీడియోలో నా మాట ఉంది. సాధనలో ఇలాంటి చేయి మాకు అప్పటికే రెండు మూడుసార్లు వచ్చి ఉంటుంది. కానీ అప్పుడు పాట అయిపోగానే ముక్కలు తిప్పి చూసుకుని, ‘ఆ, 4 ఇస్పేట్, సరే’ అని తర్వాతి చేతికి వెళ్లిపోయేవాళ్లం. ముక్కలు కనబడగానే ఇద్దరికీ ముందే తెలిసినట్టు అనిపిస్తుంది. అక్కడే సాధన వృథా అయ్యేది.

కాబట్టి మీరు ఇలా చేయండి. పాట ముగిశాక ముక్కలు చూపించుకోవద్దు. ఇద్దరూ చెరో చీటీ తీసుకుని, పార్ట్‌నర్ చేతిలో ఏముందనుకుంటున్నారో రాయండి. పాయింట్లు ఎన్ని నుంచి ఎన్ని, ఏ రంగులో ఎన్ని ముక్కలు, ఆఖరి పాటకు ముందున్న పాటకు మీరు పాస్ అనొచ్చా అనకూడదా. మూడు వాక్యాలు. రాశాక చీటీలు మార్చుకుని, అప్పుడు ముక్కలు తిప్పండి.

చీటీకీ చేతికీ తేడా వచ్చిన చోట ఆగండి. కాంట్రాక్టు సరైనదే అయినా ఆగండి. ఇద్దరూ తప్పుగా అర్థం చేసుకుని సరైన చోటికి చేరిన చేతులు మాకు చాలా వచ్చాయి, అవే ప్రమాదం. ఎవరిది తప్పు అని వాదించొద్దు. ఏ పాట దగ్గర ఇద్దరి అర్థం విడిపోయిందో గుర్తించి, ఒకే అర్థం ఎంచుకుని ఒప్పందం పేజీలో రాయండి.

పై చేతి విషయంలో మేము వాడి మాటే ఉంచాం. 1 ఆఠీన్‌కో 1 ఇస్పేట్‌కో జవాబుగా దూకకుండా 2 మెట్టులో కొత్త రంగు పాడితే గేమ్ దాకా ఎవరూ ఆగరు. దాంతో ఇంకో మార్పు తప్పలేదు. 10, 11 పాయింట్లున్న చేయి ఇప్పుడు 2 డైమన్ పాడలేదు, కాబట్టి ముందు 1 నో ట్రంప్ పాడాలి, మొదలుపెట్టినవాడు దానికి పాస్ అనకూడదు. ఆ తర్వాత 3 ఇస్పేట్ అంటే ‘వీలైతే పెంచు’. ఇలా ఒక ఒప్పందం మారిస్తే పక్కది కదులుతుంది. పాత గోడకు ఒక రాయి తీసినట్టే, పక్క రాయిని కూడా చూసుకోవాలి. అందుకే రోజుకు ఒక్కటే మార్చండి.

ఒక చేయి, ముగ్గురు పార్ట్‌నర్లు

ఒక విషయాన్నే గట్టిగా పట్టాలనుకున్నప్పుడు ఇంకో పద్ధతి ఉంది. 1 నో ట్రంప్ జవాబులనే తీసుకోండి. మొదలుపెట్టే చేతిని మీరే అమర్చండి:

ఇస్పేట్: రాజు, జాకీ, 7, 4
ఆఠీన్: ఆసు, 8, 3
డైమన్: ఆసు, రాణి, 6
కళావర్: రాణి, 10, 5

16 పాయింట్లు. మిగిలిన 39 ముక్కలు కలిపి మూడు చేతులుగా పంచండి. అవి మూడూ ఎదుటివాళ్లవి అనుకోకండి. ఒక్కోదాన్ని పార్ట్‌నర్ చేయిగా పెట్టి మూడుసార్లు పాడండి. ఒక్క పంపకంలో మూడు సాధనలు. మాకు ఒకసారి ఇలా పడ్డాయి.

మొదటిది: ఇస్పేట్ రాణి, 9, 6, 2. ఆఠీన్ రాజు, 5. డైమన్ రాజు, 8, 4, 3. కళావర్ జాకీ, 7, 2. మొత్తం 9 పాయింట్లు. ఇక్కడ 2 కళావర్ అడగాలి. 2 ఇస్పేట్ అని జవాబు వస్తుంది, నాలుగూ నాలుగూ కలిశాయి. 3 ఇస్పేట్ అని ఆహ్వానిస్తే 16 ఉన్నవాడు 4 ఇస్పేట్‌కు వెళ్తాడు. కలిపి 25 ఉన్నాయి కదా, 3 నో ట్రంప్ చాలదా అని బామ్మర్ది అడిగాడు. ఆఠీన్ చూడు అన్నాను. ఎదుటివాళ్లు రెండుసార్లు ఆఠీన్ ఆడితే మన ఆసు, రాజు అయిపోతాయి. ఇంకా ఇస్పేట్ ఆసు, కళావర్ ఆసు, రాజు బయటే ఉన్నాయి. తురుపు ఉంటే మూడో ఆఠీన్‌ను కోసేస్తాం. రెండే ముక్కలున్న ఆ ఆఠీన్ వల్ల ఒక ట్రిక్కు పెరిగింది.

రెండోది: ఇస్పేట్ 8, 3. ఆఠీన్ రాణి, జాకీ, 9, 7, 4. డైమన్ 10, 5, 2. కళావర్ 9, 6, 4. మూడే పాయింట్లు. కొత్తవాళ్లు నూటికి తొంభై మంది ఇక్కడ పాస్ అంటారు, ‘నా దగ్గర ఏముందని పాడను’ అని. అదే పొరపాటు. నో ట్రంప్‌లో ఈ చేయి దాదాపు చచ్చిన చేయి. ఆఠీన్ తురుపు అయితే ఇందులో రెండు మూడు ట్రిక్కులకు ప్రాణం వస్తుంది. 2 డైమన్ పాడి, పార్ట్‌నర్ 2 ఆఠీన్ అన్నాక అప్పుడు పాస్ అనాలి. ట్రాన్స్‌ఫర్ బలమున్నవాడి పని అనుకుంటారు కానీ, బలం లేనివాడికే అది ఎక్కువ అక్కర.

మూడోది: ఇస్పేట్ ఆసు, 10, 5. ఆఠీన్ 10, 6, 2. డైమన్ జాకీ, 9, 7. కళావర్ ఆసు, రాజు, 8, 3. 12 పాయింట్లు, నాలుగు ఆఠీన్లు లేవు, నాలుగు ఇస్పేట్లు లేవు. నేరుగా 3 నో ట్రంప్. మధ్యలో ఏదో ఒకటి అడగాలని చెయ్యి దురద పెడుతుంది. అడిగితే ఎదుటివాళ్లకు ఏ రంగు ముందు ఆడాలో మనమే చెప్పినట్టు.

ఫలితాన్ని ఎలా తూచాలి

రెండు చేతులే ఉన్నాయి కాబట్టి ఆడి చూడలేం. ఎదుటివాళ్ల ముక్కలు కనబడవు, అదే మేలు. కాంట్రాక్టు గెలిచిందా అని కాకుండా, గెలవడానికి ఏం జరగాలి అని అడగండి. మనకు 8 తురుపులుంటే బయట ఉన్న 5 ముక్కలు మూడూ రెండుగా పడే అవకాశం 68 శాతం. బయట 6 ఉండి మూడూ మూడుగా పడాలంటే 36 శాతమే. ఎదుటివాళ్ల రాజు ఒక వైపే ఉండాలి అంటే సగానికి సగం. గేమ్‌కు సగం అవకాశం ఉంటే పాడినందుకు సంతోషించండి. రెండు మూడు విషయాలు అన్నీ కలిసి రావాలి అంటే ఎక్కువ పాడారు.

స్లామ్ గురించి ఒక్క మాట. 4 నో ట్రంప్‌తో ఆసులు అడగడం అందరికీ ఇష్టం. జవాబు 5 కళావర్ అంటే ఒక్కటీ లేదు లేదా నాలుగూ ఉన్నాయి, 5 డైమన్ ఒకటి, 5 ఆఠీన్ రెండు, 5 ఇస్పేట్ మూడు. ఒక రంగు మీ దగ్గర అసలే లేకపోయినా, ఏదో ఒక రంగులో రెండు చిన్న ముక్కలే ఉన్నా ఇది అడగొద్దు. ఉన్న ఆసు ఏ రంగుదో జవాబులో తెలియదు కదా.

ఎదుటివాళ్లు ఊరుకోరు

ఇద్దరే పాడుకుంటే దారి ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది, పోటీలో అలా ఉండదు. దానికి ఒక పాత డబ్బాలో 10 చీటీలు వేసుకోండి. ఆరింటి మీద పాస్, రెండింటి మీద డబుల్ (మన పాటకు పందెం రెట్టింపు చేసే మాట), ఒకదాని మీద ‘వీలైనంత తక్కువలో ఇస్పేట్’, ఇంకోదాని మీద ‘వీలైనంత తక్కువలో ఆఠీన్’. మొదటి పాట పడగానే ఒక చీటీ తీయండి, అదే ఎదుటివాళ్ల పాట. మన రంగే వచ్చిందా, పాస్ అనుకుని సాగండి. మొదటి నెల ఈ డబ్బా జోలికి పోవద్దు.

దూరంగా ఉన్నవాళ్లకు ఫోన్ చాలు. ఇంట్లో ఎవరో ఒకరు పంచి, ఒక చేయి మీకిచ్చి, రెండోదాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పార్ట్‌నర్‌కు పంపాలి. పాటలు మెసేజ్‌లుగా రాయండి, చీటీ కూడా అలాగే. ఇంట్లో పంచేవాళ్లకు విసుగొస్తే బ్రిడ్జ్ బేస్ ఆన్‌లైన్ అనే వెబ్‌సైట్‌లో ఇద్దరు కూర్చుని పాడుకునే టేబుల్ ఉంది, చేతులకు పాయింట్ల హద్దులు కూడా పెట్టుకోవచ్చు. గంటకు 8 చేతులు మించి వద్దు. అంతకంటే వేగంగా వెళ్తున్నారంటే చీటీలు ఎగ్గొడుతున్నారన్నమాట.

తేడా వచ్చిన ప్రతి చేతినీ ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రెండు వైపులా రాసి, తేదీ వేయండి. మూడు నాలుగు నెలలయ్యాక పాత పేజీలోంచి ఒక చేయి తీసి, చెప్పకుండా మళ్లీ పంపండి. పోయిన ఆదివారం పై మూడు పాయింట్ల చేతినే మా బామ్మర్దికి పంపాను. పది నిమిషాలు ఆలోచించి, ‘పాస్’ అని పెట్టాడు. ఆ పేజీ మూల మడిచాను. ఈ వారం మా ఇద్దరికీ ట్రాన్స్‌ఫర్లే.